గాలి ఎటుంది తాతా?

నెల్లూరు ములాపేటలో మా ఇంటి ముందు గదే నాన్న డీటీపీ కొట్టు. పగలంతా శుభలేఖలు, కరపత్రాలు, షాపుల ప్రారంభోత్సవ ఆహ్వానాలు. రాత్రి తొమ్మిదిన్నరకి నాన్న షట్టర్ సగం దించి, "పదకొండుకి ఆపేయాలి, మళ్లీ నేను లేచి రాకూడదు" అని లోపలికి వెళ్లగానే ఆ కంప్యూటర్ మాదయ్యేది.

అది 2002 ఎండాకాలం. నాకు 14 ఏళ్లు, చెల్లికి 11. కావలి నుంచి మేనత్త కొడుకు, మా బావ, సెలవులకి వచ్చాడు. కంటి శుక్లాలకి ఆపరేషన్ చేయించుకున్న తాత కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. ఎండలోకి పోకూడదు, దుమ్ములో తిరగకూడదు, బరువులెత్తకూడదు అన్నారు డాక్టర్లు. పొద్దున లేస్తే పొలం గట్టు మీద ఉండే మనిషిని తెచ్చి గదిలో కూర్చోబెడితే ఎలా ఉంటుంది? నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, రోజుకి పదిసార్లు టైమెంతైందని అడిగేవాడు.

ఒక కంప్యూటర్, ఒక కీబోర్డ్, నలుగురు మనుషులు. ఆ నలుగురికీ సరిపోయిన ఆట వర్మ్స్ ఆర్మగెడాన్.

సీడీ తెచ్చింది బాబాయి. మద్రాసులో చదువుకునేవాడు. నెలకోసారి పినాకిని రైల్లో ఇంటికొచ్చేటప్పుడు రిచీ స్ట్రీట్ నుంచి ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు, ఒకసారి మౌస్, ఒకసారి స్పీకర్లు. ఆ నెల ఈ సీడీ. డ్రైవ్‌లో పెట్టగానే గిర్రుమని తిరిగే చప్పుడు, తర్వాత తెర మీద గులాబీ రంగు వానపాములు, చేతుల్లేకుండానే బజూకాలు మోస్తూ.

దానికి ముందు ఇలాంటి ఆట నాకు తెలిసింది ఒక్కటే. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో క్యూబేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పేటప్పుడు దాంతోపాటు వచ్చే గొరిల్లాస్. రెండు గొరిల్లాలు రెండు మేడల మీద నిలబడి పేలే అరటిపళ్లు విసురుకుంటాయి. కోణం ఎంత, వేగం ఎంత అని అంకెలు టైపు చేయాలి. లెక్కల క్లాసు లాగే ఉండేది, కానీ నాకిష్టం. వర్మ్స్‌లో అంకెల్లేవు. బాణం గుర్తు మీటలతో గురి పైకీ కిందికీ జరుపుకుంటాం. స్పేస్ బార్ నొక్కి పట్టుకున్నంతసేపు బలం పెరుగుతుంది, వదిలితే గుండు బయల్దేరుతుంది. ఎంతసేపు నొక్కాలన్నది వేలికే తెలియాలి. గోళీలాటలో వేలు ఎంత వెనక్కి వంచాలో ఎవరూ చెప్పరు కదా, అలాగే.

ఆట సంగతి తెలియనివాళ్లకి కొంచెం చెప్తాను. నీళ్ల మధ్యలో ఒక దీవి. దాని మీద మన జట్టు వానపాములు, అవతలి జట్లవి. మేం జట్టుకి నాలుగు పెట్టుకునేవాళ్లం. ఒక్కోదానికి ప్రాణం 100. ఒకరి తర్వాత ఒకరికి వంతు వస్తుంది, ఆ వంతులో నడవచ్చు, దూకచ్చు, ఒక దెబ్బ వేయచ్చు. వేశాక పారిపోవడానికి కొన్ని సెకన్లిస్తారు. పేలిన చోటల్లా నేల గుంట పడుతుంది, ఆ గుంట ఆట అయ్యేదాకా అలాగే ఉంటుంది. అందుకే పది నిమిషాలయ్యేసరికి మొదట చూసిన దీవి ఉండదు. నీళ్లలో పడ్డ వానపాము సంగతి అంతే, ఎంత ప్రాణం మిగిలున్నా లాభం లేదు. ఆయుధాల్లో తుపాకులు, బాంబులే కాదు, గెంతుకుంటూ పోయి పేలే గొర్రె, అరటిపండు బాంబు, ఆకాశం నుంచి పడే కాంక్రీటు గాడిద కూడా ఉండేవి. గొర్రె గెంతుతూ అరుస్తుంటే చెల్లి నవ్వు ఆపుకోలేక బార్ నొక్కడం మర్చిపోయేది. అది వెళ్లి నేరుగా నీళ్లలో పడేది.

మొదటి రాత్రి తాత మా వెనక కుర్చీలో కూర్చుని చాలాసేపు చూశాడు. బావ నా వానపాము పక్కన డైనమైట్ పెట్టి పారిపోయాడు. అది పేలింది. తాత నల్లద్దాలు తీసి తెర దగ్గరికి వంగాడు.

"ఏందిరా అబ్బయ్యా అవి?"

"వానపాములు తాతా."

"ఎర్రలా? ఎర్రల్ని ఎందుకు సంపుతుండారు?"

బావ అది ఆటని చెప్పబోయాడు. తాత వినలేదు. ఎర్రలు మట్టిని గుల్ల చేస్తాయని, అవి ఉన్న మడి తొక్కితే కాలికి మెత్తగా తగులుతుందని, మందులు ఎక్కువైన మడిలో తవ్వినా ఒక్కటి కనపడదని చెప్పుకుపోయాడు. మేం ఆట ఆపి విన్నాం. ఇందులో కోపం లేదు, బాధ ఉంది. ఆయనకి అవి బొమ్మలని తెలుసు. అయినా వానపాముని శత్రువుగా చూడటం ఆయన వల్ల కాలేదు.

ఆయన్ని ఆటలోకి తెచ్చింది చెల్లి. మర్నాడు రాత్రి, "తాతా, నీకూ ఒక జట్టు పెడతా. నువ్వు ఎవరినీ చంపొద్దు, నీ ఎర్రల్ని కాపాడుకో చాలు" అంది. అది తాతకి నచ్చింది. జట్టుకి పేరేం పెట్టాలని అడిగితే ఎర్రలు అనే పెట్టమన్నాడు. నాలుగు వానపాములకి తన పాత ఎద్దుల పేర్లు చెప్పాడు: రాముడు, లచ్చన్న, మచ్చ, బసవడు. చెల్లి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కోటీ టైపు చేసింది. మచ్చ అన్న పేరు తెర మీద కనపడగానే తాత, "అది బండి కట్టంగానే ఇంటిదారి పట్టేది" అన్నాడు. ట్రాక్టర్ వచ్చాక అమ్మేసిన ఎద్దు అది. ఆ మాట అన్నాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మీటలు నొక్కడం తాతకి రాదు. ఆయన చెప్తాడు, చెల్లి నొక్కుతుంది. వంతుకి 45 సెకన్లు ఉంటే ఆయన కోసం 60కి పెంచాం. మామూలు కంప్యూటర్ ఆటలైతే ఆయన మా పక్కన కూర్చునేవాడే కాదు. కారు తోలే ఆటల్లో, కాల్చే ఆటల్లో చెయ్యి చురుగ్గా ఉండాలి, కళ్లు పరిగెత్తాలి. ఇందులో మన వంతు వచ్చేదాకా ఎవరూ మనల్ని తోసుకుపోరు. అప్పుడే ఆపరేషనైన కంటితో కూడా ఒక మనిషి నెమ్మదిగా చూసి, ఆలోచించి, తన దెబ్బ తాను వేయచ్చు. ఆ తర్వాత ఎన్నో ఆటలు ఆడాను, డబ్బు పోసి కొన్నవీ ఉన్నాయి. 11 ఏళ్ల పిల్లనీ 70 దాటిన రైతునీ ఒకే చోట సమానంగా కూర్చోబెట్టిన ఆట నాకు ఇంకోటి కనపడలేదు.

మొదటి నాలుగు రోజులూ తాత దాక్కోవడమే. బ్లో టార్చ్‌తో గుట్టలోకి తొలిపించి, పైన దూలం పెట్టించి, "పాక వేసినాం" అనేవాడు. ఆట సాగినకొద్దీ నీళ్లు పైకి రావడం మొదలైతే మాత్రం అందరికంటే ముందు ఆయనే కదిలేవాడు. "మెరక చూడు అమ్మణ్ణీ, మెరక చూడు." పెన్నా అవతల, కోవూరు వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషికి నీళ్లు వస్తుంటే ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కవాళ్లు ఇంకా దెబ్బలు లెక్కపెట్టుకుంటుండగానే ఆయన ఎద్దులు నాలుగూ గుట్ట మీదికి చేరేవి.

గాలి విషయం ఆయన కంటపడింది ఐదో రోజు. తెర కింద కుడి మూల చిన్న పట్టీ ఉంటుంది. గాలి ఎటు వీస్తే అటు సాగుతుంది, బలంగా ఉంటే ఎక్కువ సాగుతుంది. వంతు మారినప్పుడల్లా గాలీ మారుతుంది. గ్రెనేడ్‌ని గాలి ఏమీ చేయదు, బజూకా గుండుని మాత్రం పక్కకి తోసేస్తుంది. నేనూ బావా ఆ పట్టీని పెద్దగా పట్టించుకోలేదు. వేసేవాళ్లం, తప్పితే మళ్లీ వేసేవాళ్లం. తాత దాన్ని చూసి, "అదేంది, జరగతా ఉండాదే?" అని అడిగాడు. గాలి అని చెప్పాను. అప్పటిదాకా వెనక్కి ఆనుకుని కూర్చున్నవాడు ముందుకి వంగాడు.

ఆ రాత్రే కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్‌మని మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఈ ఆటని మధ్యలో దాచుకునే వీల్లేదు, ఆపేస్తే పోయినట్టే. బావ గెలుస్తున్నాడేమో, అయిపోయేదాకా ఆడదామని ఒకటే గొడవ. నాన్న లోపలి నుంచి కేకేశాడు. కంప్యూటర్ ఆపి నలుగురం మేడ ఎక్కాం.

ములాపేట అంతా చీకటి. పగలంతా వీచిన పడమటి వడగాలి ఆగిపోయి, మైపాడు సముద్రం వైపు నుంచి చల్లటి గాలి తగులుతోంది. తాత అమ్మని పిలిచి చాట తెమ్మన్నాడు. ఊరి నుంచి ఆయనే తెచ్చిన మొలగొలుకుల బస్తాలోంచి రెండు దోసిళ్ల బియ్యం, ఇంకా తవుడు వదలనివి, చాటలో పోయించాడు. "ఈ రాత్రప్పుడు బియ్యం పారబోస్తారా మామయ్యా?" అని అమ్మ అంటూనే కింద దుప్పటి పరిచింది.

తాత బరువు ఎత్తకూడదు కదా, చాట బావ చేత పట్టించాడు. తను పక్కన నిలబడి మోచెయ్యి సర్దాడు. ముందు నడుం ఎత్తున పట్టుకుని వంచమన్నాడు. బియ్యం తిన్నగా దుప్పటి మీద పడ్డాయి, తవుడు కొంచెం పక్కకి పోయింది. తర్వాత చేతులు పైకెత్తించి తల మీద నుంచి వంచమన్నాడు. బియ్యం కూడా కొన్ని జానెడు అవతల పడ్డాయి. తవుడు సంగతి చెప్పక్కర్లేదు, పక్కన నిలబడ్డ నా ముఖం మీదికొచ్చింది. బ్యాటరీ లైటు వెలుగులో తాత ఆ రెండు చోట్లా వేలు పెట్టి చూపించాడు.

"ఎంతసేపు గాల్లో ఉంటే అంత దూరం కొట్టుకపోద్ది. గాలి పెద్దదిగా ఉన్నప్పుడు గుండుని కిందగా పంపించు. గాలిని వాడుకోవాలంటే పైకి పంపించు. తూర్పారబట్టేది అంతే గదా."

ఒక్క మాటలో చెప్పేశాడు. ఫిజిక్సులో ప్రొజెక్టైల్ పాఠం చదివింది నేను ఆ తర్వాత రెండేళ్లకి. సార్ బోర్డు మీద గీత గీస్తుంటే నాకు కనపడింది దుప్పటి మీద పడ్డ బియ్యం.

ఆ తర్వాత వారంలో జరిగిన ఆట ఒకటుంది. మిగతావన్నీ కలగలిసిపోయాయి కానీ ఇది మాత్రం ఇప్పటికీ తెర తెరలాగే కళ్ల ముందుంది. నా జట్టూ చెల్లి జట్టూ పోయాయి. మిగిలింది తాత బసవడు, ప్రాణం 23. బావ వైపు కూడా ఒక్కటే, దాని ప్రాణం 60 పైనే. బసవడు ఒక నిటారు గట్టుకి కుడిపక్క నక్కి ఉన్నాడు. సరిగ్గా ఆ గట్టుకి ఎడమపక్క, నీళ్ల మీదికి పొడుచుకొచ్చిన సన్నటి అంచు మీద బావ వానపాము. మధ్యలో గట్టు. ఇటు నుంచి అటు కనపడదు.

తాత వంతు. గాలి పట్టీ ఎడమవైపు చివరంటా సాగి ఉంది. గట్టు మీద నుంచి గ్రెనేడ్ వేయమని నేనన్నాను. "దొర్లి మన మీదికే వస్తుంది" అన్నాడు. నిజమే, గట్టు మన వైపుకే వాలి ఉంది. బజూకా తీయమన్నాడు. చెల్లి మౌస్ కుడి బటన్ నొక్కి ఆయుధాల పెట్టె తెరిచి తీసింది.

"కుడిపక్కకి తిప్పు."

"తాతా, బావ ఎడమపక్క ఉన్నాడు."

"తెలుసులే. గాలి తెచ్చిస్తది."

గురిని పైకి, ఇంకా పైకి జరిపించాడు. దాదాపు నిట్టనిలువు, కొంచెం మాత్రం కుడికి వాలి ఉంది. 20 సెకన్లున్నాయి. చెల్లి వేలు స్పేస్ బార్ మీద ఉంది. తాత తన చెయ్యి దాని చెయ్యి పక్కన బల్ల మీద పెట్టి, "నేను ఊ అన్నప్పుడు వదులు" అన్నాడు. చెల్లి నొక్కింది. బలం నిండుతోంది. సగం దాటింది. "ఊ."

గుండు కుడివైపుకి ఎగిరి తెర పైఅంచు దాటి కనపడకుండా పోయింది. ఎవరం ఊపిరి తీసుకోలేదు. మళ్లీ కనపడేసరికి అది బసవడి నెత్తి మీద నుంచి ఎడమవైపుకి వస్తోంది, కిందికి దిగుతూ, గట్టు కొన దాటి అవతలికి. పేలింది. అంచు విరిగింది. బావ వానపాము ఎగిరి, ఒక్కసారి దొర్లి, నీళ్లలో పడింది.

చెల్లి కేకకి నాన్న లేచి వచ్చాడు. తిడతాడనుకున్నాం. తాత ఆయన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టి, గుండు ఎట్లా పోయి ఎట్లా వచ్చిందో వేలితో గాల్లో గీసి చూపించాడు. బావ ఓడిపోయినందుకు అలగలేదు. లేచి తన కుర్చీ తాతకిచ్చి, తను కింద కూర్చుని, "తాతా, ఈసారి నేను నీ జట్టు" అన్నాడు.

ఈ ఆట వెనక కథ నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. ఆండీ డేవిడ్‌సన్ అనే ఇంగ్లండు కుర్రాడు స్నేహితులతో ఆడుకోవడానికి అమిగా కంప్యూటర్ మీద, బ్లిట్జ్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దీన్ని రాసుకున్నాడు. టోటల్ వర్మేజ్ అని పేరు పెట్టి అమిగా ఫార్మాట్ పత్రిక పెట్టిన పోటీకి పంపితే బహుమతి రాలేదు. 1994లో లండన్‌లో జరిగిన ప్రదర్శనకి వెళ్లి టీమ్17 కంపెనీ వాళ్లకి చూపించాడు. వాళ్లు తీసుకున్నారు. 1995లో వర్మ్స్ వచ్చింది, మా చేతికొచ్చిన ఆర్మగెడాన్ 1999ది. స్నేహితులు పక్కపక్కన కూర్చుని వంతులేసుకోవడానికి రాసుకున్న ఆట అని చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మా ముందు గదిలో జరిగింది కూడా అదే కదా.

ఇంకొక సంగతి. ఆర్మగెడాన్ ఆయుధాల్లో ఇండియన్ న్యూక్లియర్ టెస్ట్ అని ఒకటుంది. 1998 మేలో మనవాళ్లు పోఖ్రాన్‌లో అణుపరీక్షలు చేశారు, మరుసటి ఏడాది జనవరిలో ఈ ఆట వచ్చింది, అందులో మన పేరు చేరింది. బాబాయికీ బావకీ అది పెద్ద గొప్ప. దాన్ని వాడితే నీళ్లు పైకి లేస్తాయి, దీవి మీదున్న వానపాములన్నీ, మనవీ అవతలివీ, విషం సోకి వంతు వంతుకీ ప్రాణం కోల్పోతుంటాయి. తాత ఒకసారి చూసి, తన జట్టు ఆడేటప్పుడు అది వద్దన్నాడు. ఆ ఎండాకాలం దాన్ని మళ్లీ ఎవరం తీయలేదు. ఆయన మాట మీద గౌరవంతో మానేశాం కానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆయనే సరి.

జూన్‌లో బడులు తెరిచారు. బావ కావలి వెళ్లిపోయాడు. కన్ను బాగైంది, ఎడగారు పైరు చూసుకోవాలని తాత కూడా బయల్దేరాడు. బస్టాండుకి వెళ్లేటప్పుడు చెల్లితో, "నా ఎద్దుల్ని చూసుకో అమ్మణ్ణీ" అన్నాడు. చెల్లి ఆ జట్టుని తీసేయలేదు. తర్వాత ఎప్పుడు వచ్చినా ఒకటి రెండు ఆటలు ఆడేవాడు. 2008లో పోయాడు. సీడీ అప్పటికే గీతలు పడి డ్రైవ్ చదవడం మానేసింది, కంప్యూటర్ కూడా మారిపోయింది. రాముడు, లచ్చన్న, మచ్చ, బసవడు ఆ పాత హార్డ్ డిస్కుతోపాటే వెళ్లిపోయారు. కాపీ చేసి పెట్టుకోవాలని ఆ రోజుల్లో మాకు తట్టలేదు. అదొక్కటే నాకు ఇప్పటికీ బాధ.

ఆట మాత్రం బతికే ఉంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో దొరుకుతుంది. ఆ ఆటంటే ప్రాణం పెట్టే ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి దాన్ని బాగుచేస్తూ వచ్చారు, 2020లో కూడా పెద్ద అప్‌డేట్ విడుదలైంది. 1999 నాటి ఆటకి అన్నేళ్ల తర్వాత అంత శ్రద్ధ! నేను కొనుక్కున్న రోజు మొదట చేసిన పని ఎర్రలు అని జట్టు పెట్టి, నాలుగు పేర్లు టైపు చేయడం.

పోయిన మే నెలలో అందరం ములాపేటలో కలిశాం. నాన్న కొట్టు మూసేశాడు, ముందు గది ఇప్పుడు హాలు. చెల్లి కొడుకుకి 9 ఏళ్లు. ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి వాడికి ఆట పెట్టాను. వాడికి ఎర్రల జట్టే ఇచ్చాం. బజూకా తీసి, గురి చూసీ చూడకుండా నొక్కేయబోయాడు.

"ఆగు" అంది చెల్లి. "ముందు గాలి ఎటుందో చూడు."

"చూసి ఏం చేయాలమ్మా?"

టైం అయిపోతోంది, 15 సెకన్లు, 14. చెల్లి జవాబు చెప్పలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి చాట తీసుకుంది, బియ్యం డబ్బా మూత తీసింది. "దుప్పటి పట్టుకుని మేడ మీదికి రా" అంది నాతో. అప్పటికి సాయంత్రం ఐదు కావస్తోంది. మైపాడు గాలి అప్పుడే మొదలైంది.